మనం నొక్కిన 'సరే'



ఇంటర్ ఫలితాలు వచ్చే రోజు మన ఇళ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. పదకొండింటికి ఫలితాలంటే తొమ్మిదింటి నుంచే ఫోన్లు చేతిలో పట్టుకుని కూర్చుంటాం. కిందటి వేసవిలో మా అక్క కూతురు కూడా అలాగే కూర్చుంది. రెండో ఏడాది ఫలితం. బోర్డు వారి వెబ్‌సైటు ఎంతకీ తెరుచుకోదు. లక్షల మంది ఒక్కసారే మీద పడితే ఎలా తెరుచుకుంటుంది? తెల్లటి తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. మా అక్క దేవుడి గదిలోకీ హాల్లోకీ తిరుగుతూనే ఉంది. అంతలో ఎవరో స్నేహితురాలు వాట్సాప్‌లో ఇంకో లింకు పంపింది, ఇందులో తొందరగా వస్తున్నాయే అని.

నిజంగానే ఆ సైటు వెంటనే తెరుచుకుంది. హాల్ టికెట్ నంబరు అడిగింది. తర్వాత పేరు అడిగింది, ఫోన్ నంబరు అడిగింది, ఈమెయిల్ అడిగింది. ఏ ఊరు, ముందు ఏం చదవాలనుకుంటున్నారు అని కూడా అడిగింది. అన్నిటికీ అడుగున ఒక చిన్న గడి. అందులో అప్పటికే టిక్కు పెట్టేసి ఉంది. పక్కన ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాలు. పిల్ల వేళ్లు వణుకుతున్నాయి. అన్నీ నింపి ఒప్పుకుంటున్నానన్న బొత్తం నొక్కేసింది. ఫలితం వచ్చింది. మంచి మార్కులే. బావ పరుగున వెళ్లి పూతరేకులు తెచ్చాడు.

సాయంత్రం నాలుగున్నరకు మొదటి ఫోను. ఏదో ఇంజనీరింగ్ కాలేజీ. రాత్రి పదింటిలోపు పద్నాలుగు ఫోన్లు. మర్నాడు ఇంకా ఎక్కువ. అవతలి వాళ్లకు పిల్ల పేరు తెలుసు, మార్కులు తెలుసు, ఊరు తెలుసు. ఒకాయనైతే మా బావ పేరు పెట్టి పలకరించాడు. మూడో రోజు అర్ధరాత్రి ఎవరిదో తెలియని నంబరు నుంచి "హాయ్, పడుకున్నావా" అని సందేశం వచ్చింది. అప్పుడు బెదిరింది పిల్ల. పొద్దున్నే నాకు ఫోన్ చేసి, "మావయ్యా, నా నంబరు నేనెవరికీ ఇవ్వలేదు" అంది.

అబద్ధం చెప్పలేదు. ఇచ్చానన్న సంగతే ఆమెకు తెలియదు.

ఫలితం చూపించడానికి హాల్ టికెట్ నంబరు ఒక్కటి చాలు. అడిగిన మిగతావేవీ ఫలితం కోసం అడిగినవి కావు. తొందరలో ఉన్న పదిహేడేళ్ల పిల్లను, గుండె దడదడలాడే ఆ ఐదు నిమిషాల్లో, ఆమె చదవలేని అక్షరాలతో అడిగి పుచ్చుకున్నారు. దానికి పెట్టిన పేరు సమ్మతి. ఈ ఒక్క మాట గురించే ఇవాళ మీతో మాట్లాడాలని వచ్చాను.

మనకు కథలు వినే అలవాటుంది కదా. అమ్మమ్మ కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొడతారు. ఆ ఊఁకు అర్థం వింటున్నానని. కథలో రాజు చేసిన పనికి నేను ఒప్పుకున్నానని కాదు. ఇంటర్నెట్టులో మనం వినకుండానే ఊఁ కొడుతున్నాం. అవతలివాడు దాన్ని ఒప్పందం కింద రాసుకుంటున్నాడు.

ముందే టిక్కు పెట్టిన గడి అన్నాను. సరిగ్గా ఇలాంటి గడి మీదే యూరప్‌లో పెద్ద దావా నడిచింది. జర్మనీలో లాటరీ పందేలు పెట్టే ఒక సైటు, తన పేజీలో ఇలాగే ముందుగా టిక్కు పెట్టి ఉంచింది. వినియోగదారుల సంఘాలు కోర్టుకెక్కాయి. 2019 అక్టోబరు 1న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చి చెప్పింది: ఎవరో పెట్టిన టిక్కును నువ్వు తీసేయకపోవడం సమ్మతి కాదు, నీ చేత్తో నువ్వు పెడితేనే సమ్మతి. ఆ తర్వాత 2022 జనవరిలో ఫ్రాన్సు సమాచార రక్షణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు ప్రకటించింది. నేరం ఏమిటో తెలుసా? కుకీలకు సరే అనడానికి ఒక్క నొక్కు, వద్దు అనడానికి మాత్రం అనేక నొక్కులు పెట్టడం. వద్దనడం కూడా సరే అనడమంత సులువుగా ఉండాలి అన్నారు. జర్మనీలోనో ఐర్లండులోనో ఉన్న మన పిల్లలకు చాలా సైట్లలో 'అన్నీ తిరస్కరించు' అనే బొత్తం ఎదురుగా కనిపిస్తోందంటే, దాని వెనక ఇన్ని తీర్పులూ జరిమానాలూ ఉన్నాయి.

కుకీ అన్నాను. ఈ మాట రోజూ తెర మీద కనిపిస్తుంది, దాని అర్థం మాత్రం మనకెవరూ విప్పి చెప్పలేదు. గుడికి వెళ్తే చెప్పులు వదిలే చోట టోకెన్ ఇస్తారు. దాని మీద ఒక అంకె ఉంటుంది. దర్శనం చేసుకుని వచ్చి టోకెన్ చూపిస్తే మన జత మనకిస్తారు. మన పేరూ గోత్రమూ వాళ్లకు అక్కర్లేదు. కుకీ అలాంటి టోకెనే. వెబ్‌సైటుకు జ్ఞాపకం ఉండదు. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లేసరికి మనల్ని మరిచిపోతుంది. దుకాణంలో బుట్టలో వేసిన చీర, డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి మాయమైతే ఎలా? అందుకని 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి అనే యువ ఇంజనీరు ఈ ఉపాయం కనిపెట్టాడు. సైటు ఒక చిన్న టోకెన్ రాసి మన కంప్యూటరులోనే దాస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు ఆ టోకెన్ చూసి గుర్తుపడుతుంది. ఇందులో తప్పేమీ లేదు. బ్యాంకు సైటులో ప్రతి పేజీకీ పాస్‌వర్డు కొట్టనక్కర్లేకుండా ఉందంటే ఆ టోకెన్ పుణ్యమే.

చిక్కు వేరే చోట వచ్చింది. ఇలా ఊహించండి. పొద్దున మీరు మందుల షాపుకు వెళ్లారు. షాపుకు సంబంధం లేని మనిషొకడు తలుపు పక్కన నిలబడి, మీకు తెలియకుండా మీ జేబులో తన టోకెన్ ఒకటి వేశాడు. మధ్యాహ్నం బట్టల కొట్టుకు వెళ్తే అక్కడా అతని మనిషే ఉన్నాడు. జేబులోకి తొంగి చూసి అంకె రాసుకున్నాడు. సాయంత్రం లైబ్రరీలోనూ అతని మనిషే. రాత్రికి వాళ్లంతా ఒకచోట చేరి, ఫలానా అంకె గల మనిషి పొద్దున షుగరు మందు కొన్నాడు, మధ్యాహ్నం చిన్నపిల్లల గౌను చూశాడు, సాయంత్రం అప్పుల మీద పుస్తకం తిరగేశాడు అని చిట్టా రాస్తారు. థర్డ్ పార్టీ కుకీ అంటే ఇదే. మీరు తెరిచింది ఒక్క వార్తా సైటు అనుకుంటారు. ఆ పేజీ తెరుచుకునే లోపలే, సెకనులో చిన్న వంతు కాలంలో, మీ కంటికి చూపించే ప్రకటన కోసం వేలంపాట జరిగిపోతుంది. ఆ పాటలో పాల్గొన్న కంపెనీలన్నిటికీ మీరెలాంటివారో కొంత కొంత తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులని పొద్దున వెతికితే సాయంత్రానికల్లా తైలాల ప్రకటనలు వెంటపడడం మహిమ కాదు, ఆ చిట్టా.

దీన్ని ఆపే మీట మన చేతిలో ఉంది. యాపిల్ వారి సఫారీ బ్రౌజరు 2020 మార్చి నుంచి ఇలాంటి పరాయి టోకెన్లను తనంతట తానే ఆపేస్తోంది. ఫైర్‌ఫాక్స్ అంతకు ముందే, 2019లోనే, వెంటపడే కుకీలను అడ్డుకోవడం మొదలుపెట్టింది. మనలో ఎక్కువమంది ఫోన్లలో ఉండేది క్రోమ్. గూగుల్ వారు రెండేళ్లలో క్రోమ్‌లో ఇవి తీసేస్తామని 2020లో ప్రకటించారు. వాయిదాల మీద వాయిదాలు వేశారు. చివరకు 2024 జులైలో ఆ ఆలోచన మానుకున్నారు. ప్రకటనల మీద బతికే కంపెనీ నుంచి ఇంతకంటే ఆశించడం మన అమాయకత్వమని నా అభిప్రాయం. కాబట్టి క్రోమ్ వాడేవారు ఆ పని స్వయంగా చేసుకోవాలి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ అన్న చోట, థర్డ్ పార్టీ కుకీస్ అన్న వరుసలో బ్లాక్ అని పెట్టుకుంటే సరిపోతుంది. నిమిషం పట్టదు. ఈ ప్రసంగం అయ్యాక చేయండి. పెద్దవాళ్ల ఫోన్లలో ఇంట్లో పిల్లలు చేసి పెట్టండి.

ఇక్కడ రెండు భ్రమల గురించి చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవారే వీటిలో పడుతున్నారు. మొదటిది బ్రౌజరులో ఉండే ఇన్‌కాగ్నిటో. నల్లటి కిటికీలో తెరిస్తే ఎవరూ చూడరని నమ్మకం. అది మీ ఫోన్‌లో మీ ఇంట్లోవాళ్లకు కనిపించే చరిత్రను మాత్రమే దాస్తుంది. మీరు వెళ్లిన సైటుకు మీరు కనిపిస్తూనే ఉంటారు, ఇంటర్నెట్టు ఇచ్చే కంపెనీకీ కనిపిస్తూనే ఉంటారు. దీని మీదే అమెరికాలో గూగుల్‌పై దావా పడింది. 2024లో రాజీకి వచ్చి, అలా పోగుచేసిన వందల కోట్ల రికార్డులను నాశనం చేయడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది. రెండో భ్రమ, చిరునామా పక్కన ఉండే తాళం బొమ్మ. దారిలో ఎవరూ మీ మాట చదవకుండా మూట కట్టి పంపుతున్నారని చెప్పడమే దాని పని. మూట విప్పేవాడు మంచివాడా కాదా అన్నది దానికి తెలియదు. దొంగ సైటుకు కూడా తాళం ఉంటుంది. ఆ బొమ్మను చూసి జనం పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ దాన్ని మార్చేసింది.

సరే, ఎవరో చూస్తే ఏమైంది, నా దగ్గర దాచాల్సిందేముంది అనేవారు చాలామంది ఉన్నారు. మా బావ కూడా అదే అన్నాడు. అతనికి నేను ఖరక్ సింగ్ కథ చెప్పాను. మీకూ చెబుతాను.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషి మీద 1941లో దోపిడీ కేసు పెట్టారు. సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు అతని పేరిట ఒక చిట్టా తెరిచారు. ఇంటి మీద రహస్యంగా కాపు వేయడం, రాత్రిళ్లు వచ్చి తలుపు కొట్టడం, ఎవరొచ్చారు ఎవరెళ్లారు అని రాసుకోవడం, ఊరు దాటితే ఎక్కడికని ఆరా తీయడం. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఆరుగురు న్యాయమూర్తులు విన్నారు. 1962 డిసెంబరులో తీర్పు వచ్చింది. రాత్రిపూట ఇంట్లోకి రావడం తప్పని అందరూ ఒప్పుకున్నారు. కానీ మనిషి కదలికలను గమనించడంలో తప్పు లేదని, గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదని నలుగురు అన్నారు. ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరి తరఫున తీర్పు రాసింది మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. మనిషిని నిరంతరం ఎవరో గమనిస్తూ ఉంటే, కాళ్లకు సంకెళ్లు లేకపోయినా మనసుకు సంకెళ్లు పడతాయన్నది ఆయన వాదనలోని సారం. రాజ్యాంగంలో గోప్యత అనే మాట విడిగా లేకపోవచ్చు, వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయరాని భాగం అని ఆయన రాశారు. అప్పటికి అది ఓడిపోయిన వాదన.

దాదాపు యాభై ఏళ్లు గడిచాయి. కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి గారు, ఎనభై ఆరేళ్ల వయసులో, ఆధార్ మీద 2012లో పిటిషన్ వేశారు. గోప్యత హక్కే కాదని ప్రభుత్వం వాదించింది. అసలు అది హక్కా కాదా తేల్చమని పెద్ద ధర్మాసనానికి పంపిన ముగ్గురిలో జస్టిస్ చలమేశ్వర్ ఒకరు, కృష్ణా జిల్లా పెదముత్తేవి ఆయన సొంతూరు. తర్వాత కూర్చున్న తొమ్మిది మందిలోనూ ఆయన ఉన్నారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మందీ ఒక్క మాటగా గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించారు. 1962లో ఓడిపోయిన సుబ్బారావు గారి వాదనే సరైనదని ఆ తీర్పు ఒప్పుకుంది. తెలుగువాడిగా నాకు ఇది చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. గోదావరి గట్టు నుంచి వెళ్లిన ఒక మనిషి తనకు తోచిన న్యాయాన్ని రాసి పెట్టాడు. కాలం నడిచి వచ్చి దానికి తలవంచింది.

మా బావకు చెప్పింది ఇదే. ఖరక్ సింగ్ ఇంటి ముందు కాపు వేసింది ఒక పోలీసు. వాడు నిద్రపోతాడు, వాడికి జబ్బు చేస్తుంది, వాడు బదిలీ అయి వెళ్లిపోతాడు. మన పిల్ల జేబులో పడ్డ టోకెన్ నిద్రపోదు.

ఆ తీర్పు తర్వాత ఆరేళ్లకు, 2023 ఆగస్టులో, మనకు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీలు సర్దుకోవడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అంటే ఇందులోని ముఖ్యమైన హక్కులు 2027 మే నుంచి అమల్లోకి వస్తాయి. చట్టంలో ఒక చిన్న విశేషం ఉంది. వ్యక్తిని సూచించే సర్వనామానికి ఇంగ్లీషులో స్త్రీలింగమే వాడారు. నేను చదువుతున్నంతసేపూ మా మేనకోడలే కళ్ల ముందు కనిపించింది.

సమ్మతి ఎలా ఉండాలో ఆ చట్టం విడమరచింది. బలవంతం లేకుండా ఇవ్వాలి. ఫలానా పనికని ఇవ్వాలి. విషయం తెలిసి ఇవ్వాలి. ఇది ఇస్తేనే అది ఇస్తామన్న మెలిక ఉండకూడదు. తన చేత్తో తాను స్పష్టంగా చేసిన పనై ఉండాలి. చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. ఒకామె ఫోన్‌లో వైద్యం చెప్పే యాప్ పెట్టుకుంది. అది వైద్యం కోసం వివరాలూ అడిగింది, ఆమె ఫోన్‌లోని నంబర్ల జాబితా కూడా అడిగింది. ఆమె రెంటికీ సరే అంది. అయినా వైద్యానికి నంబర్ల జాబితా అక్కర్లేదు కనక, ఆ రెండో 'సరే' చెల్లదు. ఎంత గొప్ప మాట! పొరపాటున మనం ఊఁ అన్నా, అక్కర్లేని దానికి ఆ ఊఁ వర్తించదు. హాల్ టికెట్ నంబరు చాలిన చోట ఫోన్ నంబరు అడిగినవాడికి ఇదే జవాబు.

పద్దెనిమిదేళ్లు నిండనివారు ఈ చట్టం ప్రకారం పిల్లలే. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే అమ్మో నాన్నో ఒప్పుకున్నట్టు రూఢి చేసుకోవాలి. పిల్లల వెంటపడి గమనించకూడదు, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపించకూడదు. ఇంటర్ రెండో ఏడాది పిల్లల్లో ఎక్కువమందికి పదిహేడే. ఫలితాల రోజు ఇంతకాలం మామూలుగా జరిగిపోతున్న వ్యాపారమంతా ఈ ఒక్క సెక్షన్ ముందు నిలబడలేదు.

వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచింది ఇంకొకటి. మన వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో మనం కోరుకున్న భాషలో గాని చదువుకునే వీలు కల్పించాలి. అంటే తెలుగులో అడగాలి. ఇన్నేళ్లుగా కోర్టు కాగితాలూ బ్యాంకు కాగితాలూ మనకు రాని భాషలో ఉంటే, వేలు చూపించిన చోట సంతకం పెట్టి వచ్చాం. మా నాయనమ్మ వేలిముద్ర వేసేది. మనం చూపుడు వేలితో తెర మీద నొక్కుతున్నాం. ఏం రాసి ఉందో ఆమెకూ తెలియదు, మనకూ తెలియదు. ఇప్పుడు మొదటిసారి చట్టం అంటోంది, ఆమె భాషలో చెప్పి అప్పుడు అడగమని. దీన్ని మనం వాడుకోకపోతే కంపెనీలు ఏదో యంత్రంతో అనువాదం చేయించి, ఎవరికీ అర్థం కాని తెలుగు ఒకటి పడేసి చేతులు దులుపుకుంటాయి. అది జరగనివ్వకూడదు. అర్థం కాకపోతే అర్థం కాలేదని రాయాలి.

ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. నా గురించి మీ దగ్గర ఏముందో చూపించమని అడగవచ్చు, తప్పుంటే దిద్దమనవచ్చు, పని అయిపోయాక తీసేయమనవచ్చు. మన తర్వాత ఈ హక్కులను ఎవరు వాడుకోవాలో కూడా రాసి పెట్టుకోవచ్చు. పోయినవారి ఫేస్‌బుక్ పేజీ మీద ఏటా పుట్టినరోజు శుభాకాంక్షలు పడుతుంటే ఆ ఇంటివాళ్ల ప్రాణం ఎంత విలవిల్లాడుతుందో చూసినవాడిగా, ఈ ఏర్పాటు ఎవరికి తట్టిందో గాని వారికి దండం పెడతాను.

చట్టం మీద నాకున్న బాధ కూడా చెప్పాలి. మన సమాచారాన్ని కాపాడలేకపోయిన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఆ డబ్బంతా ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది. నష్టపోయిన మనిషికి పైసా రాదు. పైగా ప్రభుత్వం తన సంస్థల్లో దేనికి కావాలంటే దానికి, దేశ భద్రత, శాంతిభద్రతల పేరు మీద, ఈ చట్టం నుంచి పూర్తి మినహాయింపు ఇచ్చుకునే వీలుంది. ఇది నాకు నచ్చలేదు. ఎందుకంటే ప్రభుత్వ సైట్ల నుంచీ ముప్పు వస్తుందని మన దగ్గరే చూశాం. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులమ్మే ఒక వ్యక్తి, రిజిస్ట్రేషన్ శాఖ సైటు నుంచి భూముల దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీద రైతుల వేలిముద్రలు ఉన్నాయి, ఆధార్ నంబర్లు ఉన్నాయి. ఆ ముద్రలతో రబ్బరు వేళ్లు తయారు చేసి వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. పొలం కొనుక్కున్న రైతు ఏ సైటూ తెరవలేదు, ఏ బొత్తమూ నొక్కలేదు. అయినా అతని వేలు అతనిది కాకుండా పోయింది. జాగ్రత్త అంతా ప్రజలే పడాలనే వారికి ఈ కథ గుర్తుచేయాలి.

ఇక అప్పుల యాప్‌ల సంగతి మీకు తెలుసు. 2020 చివర్లో వాటి వేధింపులకు మన తెలుగు నేల మీద ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో తెలుసు. ఐదు వేల అప్పు కోసం ఫోన్‌లోని నంబర్లన్నీ చూడనిస్తే, ఆ నంబర్లన్నిటికీ ఫోన్ చేసి పరువు తీశారు. 2022లో రిజర్వు బ్యాంకు, అప్పిచ్చే యాప్‌లు నంబర్ల జాబితా, ఫోటోలు, కాల్ వివరాలు ముట్టుకోకూడదని ఆదేశించింది. ఇప్పటికీ ఏ అప్పు యాపైనా నంబర్లు చూడనివ్వమని అడిగిందంటే అక్కడే ఆపేయండి.

మళ్లీ మా మేనకోడలి దగ్గరికి వస్తాను. ఆమె నాకు ఫోన్ చేసిన మర్నాడు ఆదివారం. ఇద్దరం వరండాలో కూర్చుని ఆమె ఫోన్ మొదటి నుంచి చివరి దాకా చూశాం. పరాయి కుకీలు ఆపాం. నోటిఫికేషన్లు పంపుకోవచ్చని ఆమె ఎప్పుడెప్పుడో ఒప్పుకున్న సైట్లు ముప్పైకి పైగా తేలాయి, అన్నిటినీ కొట్టేశాం. వంటల సైటుకు లొకేషన్ ఎందుకు? టార్చి లైటు యాప్‌కు మైకు ఎందుకు? ఒక్కొక్కటే ప్రశ్న వేసుకుంటూ తీసేశాం. ఆధార్ కాపీ అడిగిన చోటల్లా పంపడానికి, చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దించి పెట్టుకున్నాం. అది ఆధార్ వారి సైటులోనే ఉచితంగా దొరుకుతుంది. సూపర్ మార్కెట్లో బిల్లు వేసేవాడు ఫోన్ నంబరు అడిగితే ఇవ్వనని చెప్పవచ్చని, అలా పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లోనే వ్యాపారులకు చెప్పిందని తెలిసి మా అక్క ఆశ్చర్యపోయింది. మర్నాడే వెళ్లి ఇవ్వనని చెప్పి వచ్చింది. కొట్టువాడు మారు మాట్లాడకుండా బిల్లు ఇచ్చాడట.

అర్ధరాత్రి సందేశం పంపిన నంబరును బ్లాక్ చేసి, సైబర్ నేరాల సైటులో ఫిర్యాదు నమోదు చేశాం. డబ్బు పోయినప్పుడైతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా. రాసి పెట్టుకోండి.

చివరగా ఆ ఫలితాల సైటు. కొత్త చట్టం అమలుకు ఇంకా సమయం ఉన్నా, 2011 నాటి ఐటీ నిబంధనల ప్రకారమే కంపెనీలు ఫిర్యాదులు వినే అధికారి పేరూ చిరునామా తమ సైటులో ఉంచాలి, నెలలోపు పరిష్కరించాలి. వెతగ్గా వెతగ్గా పేజీ అట్టడుగున ఒక ఈమెయిల్ దొరికింది. ఏం రాయమంటావు మావయ్యా అంది. నువ్వే రాయి అన్నాను. కాసేపు ఆలోచించి రాసింది. "నా పేరు, నా నంబరు, నా మార్కులు, మా నాన్న పేరు మీ దగ్గర ఉన్నాయి. అవి ఎవరెవరికి ఇచ్చారో నాకు చెప్పండి. తర్వాత మీ దగ్గరున్నవి తీసేయండి. తీసేశాక ఆ సంగతి నాకు తెలుగులో రాయండి."

రెండు రోజులకు ఇంగ్లీషులో జవాబు వచ్చింది, మీ సందేశం అందింది అని, అంతే. ఆమె మళ్లీ రాసింది. ఈసారి మొదటి ఉత్తరం కింద తారీఖు వేసి, తెలుగులో అన్న మాట కింద గీత గీసి పంపింది. పన్నెండో రోజున మూడు వరుసల తెలుగులో జవాబు వచ్చింది. అక్షర దోషాలున్నాయి. వివరాలు తొలగించామని ఉంది. ఎవరెవరికి ఇచ్చారో మాత్రం చెప్పలేదు. మూడో ఉత్తరం రాయడానికి పిల్ల కూర్చుంది.